ఓడినవాని ఎత్తులు

శ్రీకృష్ణదేవరాయల కాలమున బొడ్డుచర్ల తిమ్మన యను కవి యొకడుండెననియు, చదరంగమున అతనికి జోడు లేదనియు, నూర్గురు ఒక్కటై ఎదుటిప్రక్క కూర్చుండినను, సాక్షాత్తు రాయలే పావులు కదిపినను గెలుపు మాత్రము తిమ్మనదే యనియు చెప్పు చాటువొకటి మనవారి నోళ్లలో నేటికిని నిలిచియున్నది. ఆ నేర్పునకు మెచ్చి రాయలు కొప్పోలు గ్రామమును అతనికి ఇచ్చెనని జనశ్రుతి. కథ ముచ్చటగానే యున్నది. కాని చదరంగపు బల్ల ముందు కొన్నాళ్లు కూర్చుండి, ఓడి, ఆ ఓటమికి హేతువేమో వెదకికొనిన వాడెవడైనను ఈ చాటువు వినినపుడు వేఱొక ప్రశ్న వేయకమానడు. రాయలు ఓడెను సరే, ఎట్లు ఓడెను? ఏ బంటును తొందరపడి ముందునకు నడిపెను? ఏ గుఱ్ఱమును అంచుగడిలో మఱచెను? ఎన్నవ ఎత్తున ఆట చేయిజాఱెను? గెలిచినవాని పేరు, వానికి దక్కిన ఊరి పేరు, పొగడిన పద్యము, అన్నియు నిలిచినవి. ఓడినవాడు సార్వభౌముడే అయినను అతని ఎత్తు ఒక్కటియు నిలువలేదు. ఒక్క విజయనగరమున కాదు, ఈ క్రీడ పుట్టిన నాటినుండి వేయి సంవత్సరములకు పైగా లోకమంతటను జరిగినది ఇదియే. ఓడిన ఆటను వ్రాసి దాచికొని, మఱునాడు మరల బల్లమీద పఱచి చూచుకొనుట యను ఆచారము మిక్కిలి ఆలస్యముగా పుట్టినది. అది పుట్టిన తీరు, దానిని పోషించిన పరాజితుల వృత్తాంతము మాత్రమే ఇచట చెప్పదలచితిని.

మన పల్లెలలో అరుగుల మీద సాగిన చదరంగమును చూచినవారికి ఆ ఆలస్యమునకు కారణము విడమరచి చెప్పనక్కఱలేదు. ఇద్దరు ఆడుచుందురు, పదిమంది చూచుచుందురు, ఆ పదిమందిలో ఎనమండ్రు ఎత్తులు చెప్పుచుందురు. ఆట కట్టగానే ఓడినవాడు రెండు చేతులతో పావులను ఒక్కమాఱు కలిపివేసి, "ఇంకొకటి వేయుము" అనును. చెప్పినవాని మాట వినుటవలననే ఓడితినని ఒకమాఱు, వినకపోవుటవలన ఓడితినని మఱొకమాఱు అనుట కలదు. ఎదుటివాడు తనకన్న బాగుగా ఆడెనను మాట మాత్రము ఆ అరుగుమీద ఎన్నడును పుట్టదు. పావులు కలిసిన క్షణముననే ఆ ఆట చరిత్రలోనుండి తొలగిపోవును. రెండవ ఆటలో అదే తప్పు, అదే గడిలో, అదే గుఱ్ఱముతో మరల జరుగును.

ప్రాచీనులు వ్రాయలేదా అనవచ్చును. వ్రాసిరి, కాని ఆటలను వ్రాయలేదు. ఏడవ శతాబ్దమున బాణుడు హర్షచరితమున అష్టాపదమును, చతురంగమును శ్లేషించి ప్రస్తావించెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున రాజవినోదములలో దీనిని చేర్చెను. బాగ్దాదు ఖలీఫాల కొలువులో తొమ్మిది, పది శతాబ్దములయందు అల్ అద్లీ, అస్ సూలీ మున్నగు మేటి ఆటగాండ్రు గ్రంథములే రచించిరి. కాని వారు వ్రాసినవి స్థితులు: పావులు ఇట్లున్నవి, ఎత్తు తెల్లవారిది, గెలువుము, అను సమస్యలు. 1814లో బొంబాయిలో అచ్చయిన తిరువేంకటాచార్య శాస్త్రిగారి గ్రంథము సంస్కృతమునుండి ఇంగ్లీషునకు తేబడిన ఇట్టి స్థితుల సంపుటమే. సమస్యలో ఓడువాడు ముందే నిర్ణయింపబడియున్నాడు. అతడు ఆ దుస్థితికి ఎట్లు వచ్చెనను ప్రశ్నకు అచట తావు లేదు. ఔత్సాహికునికి కావలసినదో సరిగా ఆ దారియే. ఆట కట్టించు మూడెత్తులు కొంత సాధనచేసిన వానికి కనబడును. ఆ మూడెత్తుల నోటికి తానెట్లు నడచివచ్చెనో కనబడుటయే కష్టము.

యూరపులో తొలుత అచ్చయిన ఆటలును ఈ లోపమును తీర్పలేదు. పదునేడవ శతాబ్దారంభమున ఇటలీ దక్షిణపు కొననుండి బయలుదేరి దేశదేశములు తిరిగి ధనవంతులకు చదరంగము నేర్పిన గ్రేకో తన వ్రాతప్రతులలో ఆటలను మొదటినుండి చివరవఱకు వ్రాసిచూపెను. అవి కన్నులు మిఱుమిట్లు గొలుపు ఆటలు, కాని వానిలో చాలవఱకు ఆయన కల్పించినవే యని పండితుల అభిప్రాయము. అందు ఓడువానికి పేరు లేదు, ముఖము లేదు. గ్రేకో పన్నిన ఉచ్చులోనికి సమయమునకు కాలు పెట్టుటయే అతని పని. 1749లో ఫిలిడోర్ ప్రకటించిన సుప్రసిద్ధ గ్రంథమునందును ప్రతిపక్షి బోధనార్థము సృష్టింపబడిన వాడే. బంట్ల నడకయందే ఈ క్రీడకు ప్రాణమున్నదని లోకమునకు తొలిసారి చాటిన మహానుభావుడాయన. అయినను ఆయన పుస్తకము చదివి, ఆ బొమ్మప్రతిపక్షి ఆడినట్లు ఎదుటివాడు ఆడనందున ఓడిన ఔత్సాహికులు ఆ శతాబ్దమున ఎందరుందురో ఊహింపవచ్చును.

నిజమైన మనుష్యుడు, నిజముగా ఓడిన ఆటలు, ఓడినవియు గెలిచినవియు భేదము లేక వరుసగా వ్రాయబడుట 1834వ సంవత్సరమున లండను నగరమున సంభవించినది. వెస్ట్‌మినిస్టర్ చదరంగ సంఘమున ఆ వేసవి మొదలుకొని శరత్తు వఱకు ఫ్రాన్సు దేశపు లా బూర్దొనే, ఐర్లండు వాడగు అలెగ్జాండర్ మక్‌డొనెల్ వరుసగా ఆఱు పోటీలలో ఎనుబదియైదు ఆటలు ఆడిరి. లా బూర్దొనే ఆటతోనే పొట్టపోసికొనువాడు; మక్‌డొనెల్ వెస్టిండీస్ వర్తకసంఘమునకు కార్యదర్శి, అనగా పగలు కొలువు, సాయంకాలము చదరంగము. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకడు బిగ్గఱగా నవ్వుచు, పాడుచు, ఎత్తు చెడినపుడు తన భాషలో తిట్టుచు ఆడువాడు. ఆట ముగియగానే ప్రక్కబల్లపై పందెమునకు వేఱొకరితో కూర్చుండువాడు. మఱొకడు పెదవి కదపక గంటల తరబడి ఆలోచించి, ఓడిన రాత్రి నిద్ర లేక గదిలో అటునిటు పచార్లు చేయువాడు. వీరి ప్రక్కను విలియం గ్రీన్‌వుడ్ వాకర్ అను వృద్ధుడొకడు, ఆ సంఘపు కార్యదర్శి, కాగితము కలము చేతబట్టి ప్రతి ఎత్తును వ్రాసికొనుచుండెను. మక్‌డొనెల్‌పై ఆయనకు గల అభిమానమే ఆయనచే ఆ పని చేయించెనందురు. ఎనుబదియైదు ఆటలలో లా బూర్దొనే నలుబదియైదు గెలిచెను, మక్‌డొనెల్ ఇరువదియేడు గెలిచెను, పదమూడు సమములు. తన వీరుని కీర్తి కొఱకు కలము పట్టిన ఆ ముసలివాడు ఫలితము తాఱుమాఱైన పిమ్మటకూడ ఆ కలమును క్రింద పెట్టకుండుటయే చరిత్రకు జరిగిన మేలు.

ఆ ఓటములలో అఱువదిరెండవ ఆటను బల్లమీద పఱచి చూచినవాడు దానిని మఱచిపోలేడు. నల్లపావులు లా బూర్దొనేవి. ఆట నడుమ ఆయన తన మధ్యబంట్లను తెల్లవారి పెద్దపావుల నడుమకే తోలుకొనిపోయెను; తెల్లవారి మంత్రి శత్రుదేశమున తిరుగుచు పనికివచ్చినది కాదు. చివరకు మూడు నల్లబంట్లు ప్రక్కప్రక్కనే, మంత్రి వరుసనుండి శకటపు వరుస వఱకు, కొనగడికి ఒక్క అడుగు దూరమున నిలిచినవి. తెల్లవారికి మంత్రియు ఉన్నది, ఏనుగును ఉన్నది. ఆ మూడు బంట్లను ఆపు ఉపాయము మాత్రము లేదు. మక్‌డొనెల్ ఓటమి నొప్పుకొనెను. ఫిలిడోర్ సూత్రముగా చెప్పినదానిని ఒక జీవన్మనుష్యుని ఓటమి కంటికి కట్టి చూపినది. మక్‌డొనెల్ మఱుసటి యేడు, 1835లోనే, మరణించెను. లా బూర్దొనే 1840లో నిరుపేదయై లండనులోనే కన్నుమూసెను. ఇద్దరిని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలోనే పాతిపెట్టిరి. వారి ఆటలు మాత్రము చేతులు మాఱి మాఱి అట్లాంటిక్ దాటినవి. పాల్ మార్ఫీ యంతటి అద్భుతప్రజ్ఞుడు ఒక న్యూయార్కు పత్రికకు చదరంగపు శీర్షిక నిర్వహించునపుడు వ్యాఖ్యానించుటకు ఎన్నుకొనినవి ఆ ఆటలే.

ఇట్లు ఓటమిని ఇతరులు వ్రాసిపెట్టుట యొక మెట్టు. ఓడినవాడే తన ఓటమిని ప్రకటించుట దానికి పైమెట్టు. 1851లో లండనున మొదటి అంతర్జాతీయ పోటీ జరుగుచుండగా, దాని మధ్య విరామమున, జూన్ 21వ తేదీన, ఆండర్సన్ అను జర్మను గణితోపాధ్యాయుడును, పారిస్ నగరమున రేజాన్స్ కాఫీశాలలో గంటకు ఐదు ఫ్రాంకులు పుచ్చుకొని ఆట నేర్పు కీజెరిట్స్కీయు కేవలము కాలక్షేపమునకు ఒక ఆట ఆడిరి. ఆండర్సన్ ఒక శకటమును, రెండు ఏనుగులను, తుదకు మంత్రిని కూడ బలియిచ్చి, మిగిలిన మూడు చిన్నపావులతో కీజెరిట్స్కీ రాజును కట్టివేసెను. పోటీలో చేరని ఆట. ఓడినవాడు నోరు మెదపకున్నచో ఆ గదిలోనే ముగిసిపోవునది. కీజెరిట్స్కీ నోరు మెదపెను. తాను నడుపు పత్రికలో ఆ జూలైలోనే ఆ ఆటను, అందు తన పరాభవమును, ఎదుటివాని ప్రతిభను మెచ్చుకొనుచు అచ్చువేసెను. నాలుగేండ్లకు దానికి 'అమరక్రీడ' యని పేరు వచ్చినది. అప్పటికి కీజెరిట్స్కీ మరణించి రెండేండ్లయినది. జీవితమున ఆయన గెలిచిన ఆటలు వందలుండును. లోకమునకు తెలిసినది ఓడిన ఈ ఒక్కటియే. ఇందులకు జాలిపడువారు కలరు. నాకు జాలి కలుగదు. వినోదమునకు ఆడిన ఆటలో అంత ఘోరముగా ఓడి, ఆ ఓటమియందలి సౌందర్యమును ముందుగా గుర్తించి, తన పత్రికలో తానే ప్రకటించిన వానికి జాలితో పనియేమి?

అదే పోటీలో ఓడిన హవర్డ్ స్టాంటన్ నడత వేఱు. ఇంగ్లండు అగ్రగణ్యుడాయన, పోటీ ఏర్పాటు చేసినవాడును ఆయనయే, ఆండర్సన్ చేతిలో ఓడి, పిమ్మట మఱొకరి చేతిలోను ఓడి, నాలుగవ స్థానమున నిలిచెను. 1852లో పోటీ గ్రంథమును తానే ప్రకటించెను, తన ఓటములను దాచలేదు, అందులకు ఆయనను మెచ్చుకొనవలెను. కాని ఆ ఆటల ప్రక్కను తన అనారోగ్యమును గూర్చి, నిర్వహణభారమును గూర్చి ఆయన చేర్చిన మాటలు చూచినచో మన అరుగుమీది ఆటగాడే ఇంగ్లీషు నేర్చి కలము పట్టెనా యని తోచును.

ఇక ఈ వృత్తాంతమునకు గుండెకాయ వంటి ఘట్టము మన దేశమున, కలకత్తాలో జరిగినది. జాన్ కాక్రన్ అను స్కాట్లండు న్యాయవాది యౌవనముననే పేరుపొందిన ఆటగాడు. 1821లో పారిస్ సమీపమున లా బూర్దొనేతో ఆడి ఓడినవాడు. మఱుసటి యేడే చదరంగముపై గ్రంథము రచించినవాడు. ఆయన కలకత్తా న్యాయస్థానమున వకీలుగా దశాబ్దముల తరబడి నివసించెను. అచటి దొరలలో ఆయనకు సరిజోడు లేకుండెను. మొఫసిల్‌లో ఎన్నడును ఓటమి యెఱుగని బ్రాహ్మణుడొకడు కలడని విని, కోర్టు సెలవులలో ఆయనను వెదకికొని పోయి, ఆడి చూచి, అతని శక్తికి ఆశ్చర్యపడి, నగరమునకు రప్పించుకొనెనని ఆ కాలపు లండను చదరంగపత్రికకు కలకత్తానుండి వ్రాసిన లేఖ యొకటి చెప్పుచున్నది. ఆ బ్రాహ్మణుని పేరు మహేశచంద్ర బెనర్జీ.

మహేశచంద్రుడు నేర్చినది దేశీయపు ఆట. మన పద్ధతిలో బంటు మొదటి ఎత్తునను ఒక్క గడియే నడచును, రెండు గడులు దుముకదు. రాజునకు కోట కట్టు విధమును యూరపు విధమును ఒకటి కావు, మన రాజు ఒకమాఱు గుఱ్ఱము వలె దుముకును. బంట్లు ఒక్కొక్క అడుగే నడచు ఆటలో మధ్యభాగమునకు పరుగెత్తి ప్రయోజనము లేదు. రాజును భద్రముగా ఒక మూలకు చేర్చి, శకటములను ప్రక్కబంట్ల వెనుకనుండి పొడవైన కర్ణములపై నిలిపి, ఎదుటివాడు ముందునకు వచ్చువఱకు కాచియుండుట దేశీయ క్రీడాకారుని అలవాటు. దొరల నియమములు నేర్చుకొనిన పిమ్మటకూడ మహేశచంద్రుని చేతులు ఆ అలవాటును విడువలేదు. యూరపు శాస్త్రము అప్పటికి ఏమని బోధించుచుండెననగా, నడిమి గడులను మన బంట్లతోనే ఆక్రమింపవలెను, విడిచినచో చెడుదుము అని. మహేశచంద్రుడు వానిని విడిచిపెట్టెను. కాక్రన్ బంట్లను రానిచ్చెను. వచ్చిన పిమ్మట ప్రక్కలనుండి కొట్టెను. వందలకొలది ఆటలు వారిరువురును ఆడిరి. కాక్రన్ వానిని వ్రాసి ఉంచుకొని లండను పత్రికలకు పంపెను. ఒక ఆటలో మహేశచంద్రుడు మంత్రినే వదలి, చిన్నపావులతోను బంట్లతోను కాక్రన్‌ను చుట్టుముట్టి గెలిచెను. చూచువారికి అది ఇప్పటికిని పండుగ. కాని మొత్తముమీద గెలిచినవాడు కాక్రన్. ఆ సంపుటమున మహేశచంద్రునికి ఎక్కువగా మిగిలినవి ఓటములు.

1855 నాటి ఆట యొకటి వీనిలో ప్రత్యేకముగా చెప్పదగినది. కాక్రన్ తెల్లపావులతో మంత్రి యెదుటి బంటును, దాని ప్రక్కబంటును రెండేసి గడులు నడిపెను. మహేశచంద్రుడు గుఱ్ఱమును బయటికి తెచ్చి, రాజు ప్రక్కనున్న గుఱ్ఱపు బంటును ఒక అడుగు జరిపి, మూడవ ఎత్తున మంత్రిబంటును నడిమికి త్రోసెను. శకటము ఆ గుఱ్ఱపుబంటు విడిచిన గడిలో కూర్చుండినది. తెల్లవారు ఆ నడిమిబంటును చంపిరి, నల్లగుఱ్ఱము తిరిగి చంపినది, ఆ గుఱ్ఱము ముందునకు పోయి తెల్లగుఱ్ఱమును చంపి తాను చచ్చినది. తెల్లవారికి నడుమ గొప్ప బంట్లకోట ఏర్పడినది, వెంటనే నల్లవారు ప్రక్కబంటుతో ఆ కోటను తాకిరి. చదరంగము కొంత చదివినవాడు ఇచటికి రాగానే ఇది గ్రున్‌ఫెల్డ్ రక్షణమే గదా యని ఆశ్చర్యపడును. ఆ పేరుగల ఎర్నస్ట్ గ్రున్‌ఫెల్డ్ అప్పటికి పుట్టనైన లేదు. వియన్నాకు చెందిన ఆ ఆటగాడు దీనిని ప్రచారములోనికి తెచ్చినది 1922లో.

ఆట యెట్లు ముగిసెనో చూడుడు. పదునెనిమిదవ ఎత్తున కాక్రన్ గుఱ్ఱము నల్లరాజు ముంగిటి శకటపుబంటును చంపి దూకినది. ఆ బంటు పోవుటతో తెల్లమంత్రికిని నల్లరాజునకును నడుమ కర్ణము మీద అడ్డుగా మిగిలినది తెల్లగుఱ్ఱ మొక్కటియే. అది కదలిన క్షణమున దారి తెఱచుకొనును. మహేశచంద్రుడు దానిని చూడలేదో, చూచియు తన ఎత్తు ముందు పనిచేయుననుకొనెనో, తన గుఱ్ఱమును ప్రక్కగడికి దూకించి తెల్లమంత్రిని బెదరించెను. ఔత్సాహికులందఱు ఎఱిగిన తప్పిది: ఎదుటివాని పెద్దపావు మీద మన కన్ను పడినపుడు మన రాజు మీది కన్ను తప్పును. తెల్లగుఱ్ఱము రాజు ప్రక్కకు దూకెను, గుఱ్ఱమునుండి ఒకటి, మంత్రినుండి ఒకటి, ఒకేమాఱు రెండు చెక్కులు. రెండు చెక్కులకు విఱుగుడు రాజు కదలుటయే గాన బెదరింపబడిన మంత్రిని చంపుటకు వ్యవధి లేదు. రాజు మూలగడికి పోయెను. తెల్లమంత్రి తానై వచ్చి రాజు ప్రక్కను నిలిచెను. ఏనుగు దానిని చంపక తప్పలేదు. చంపి తన రాజునకు తప్పించుకొను గడి లేకుండ తానే అడ్డు నిలిచెను. గుఱ్ఱము మరల వెనుకటి గడికి దూకి ఆట కట్టెను. నల్లరాజు నలువైపుల తన వారే. శత్రువు ఒక్క గుఱ్ఱము.

లిఖితమై మనకు దక్కిన గ్రున్‌ఫెల్డ్ ఆటలలో మొట్టమొదటిది, చూడబోగా, ఇట్లు ఓడిన ఆటయైనది. ఆ కాలపు పాఠకుడు లండనులో కూర్చుండి దీనిని చదివినచో ఏమని తీర్పు చెప్పును? నడిమి గడులు విడిచిన నేటివునికి తగిన శాస్తి జరిగెనని గదా. ఆ తీర్పు తప్పు. మొదటి పది ఎత్తులలో మహేశచంద్రుని ఆట ఏమాత్రమును చెడలేదు. చెడినది ఒక్క ఎత్తున. ఓటమిని చదువుటయందు ఔత్సాహికుడు నేటికిని చేయు పెద్ద పొరపాటు ఇదియే: చివర ఓడితిని గనుక మొదట ఆడినదంతయు తప్పని ఆరంభమునే మార్చివేయును; తానోడినది పదునెనిమిదవ ఎత్తుననని గుర్తింపడు. యూరపు చదరంగమునకు ఈ సంగతి తెలిసికొనుటకు అఱువదేండ్లకు పైగా పట్టినది. 1920 ప్రాంతమున కొందఱు యువకులు నడిమి గడులను దూరమునుండి పాలించు ఈ పద్ధతిని శాస్త్రముగా తీర్చిరి. గ్రున్‌ఫెల్డ్ 1922లో వియన్నాలో దీనితోనే, తరువాత జగజ్జేతయైన అలెఖైన్‌ను ఓడించెను. నాటినుండి ఈ కుటుంబమునకు చెందిన ఆరంభములకు ఇండియా పేరు స్థిరపడినది, రాజు ఇండియన్ అనియు, మంత్రి ఇండియన్ అనియు. ఆ పేరు కలకత్తా బ్రాహ్మణుని ఆటలవలన వచ్చినదే. కాక్రన్ గెలుపులు గ్రంథాలయములకు చేరినవి. మహేశచంద్రుని ఆరంభములు నేడు ప్రపంచమున జరుగు ప్రతి పోటీలోను బల్లలపై ఉన్నవి.

ఓడినవాడే తన ఓటమిని ప్రకటించు ఆ పైమెట్టును తరువాత జగజ్జేతలును ఎక్కిరి. 1921లో జగజ్జేతయైన కపబ్లాంక ఆ యేడే ప్రకటించిన పాఠ్యగ్రంథమున తన ఆటలను ఉదాహరించుచు, తాను ఓడినవానిని కూడ చేర్చెను. 1911లో సాన్ సెబాస్టియన్ నగరపు పోటీలో మహామహులందఱిని త్రోసి ప్రథమస్థానము పొందినపుడు ఆయన ఓడిన ఆట ఒకే ఒక్కటి, రూబిన్‌స్టైన్ చేతిలో; గ్రంథమున ముందువరుసలో నిలిచినది అది. రష్యాదేశపు బొట్విన్నిక్ ఈ అభ్యాసమును దాదాపు విద్యాలయపు నియమముగా మార్చెను: ఆటగాడు తన ఆటలను తానే పరిశీలించి, ఆ పరిశీలనను అచ్చువేయవలెను, అచ్చయినచో ఇతరులు అందలి తప్పులు పట్టుదురు, పట్టినచో తాను బాగుపడును. 1957లో స్మిస్లోవ్‌తో ఓడి 1958లో గెలిచి, 1960లో తాల్‌తో ఓడి 1961లో గెలిచి, కిరీటమును రెండుమాఱులు తిరిగి పొందినవాడు చెప్పిన మాట గాన దానికి విలువ హెచ్చు.

కాని వీరందఱు మహామల్లులు. వారానికొక సాయంకాలము తీఱికచేసికొని ఆడు గుమాస్తాకు, బడిపంతులునకు, రూబిన్‌స్టైన్‌తో కపబ్లాంక ఏల ఓడెనో తెలిసిన మాత్రమున తనకు పొరుగువాని చేతి ఓటమి తప్పదు. వానికి కావలసినది వానివంటివాని ఓటమి. ఆ లోటును తీర్చినవాడు మాక్స్ యూవే. ఈయన ఆమ్‌స్టర్‌డామ్‌లో బాలికల పాఠశాలయందు గణితము చెప్పు ఉపాధ్యాయుడు; 1935లో అలెఖైన్‌ను గెలిచి జగజ్జేతయైనవాడు; 1937లో ఆయనతోనే ఓడి, కిరీటము పోగొట్టుకొని, బడికి పోవుట మాత్రము మానని వాడు. ఆయన వాల్టర్ మైడెన్ అను అమెరికన్ ఫ్రెంచి ఆచార్యునితో కలసి 1963లో ప్రకటించిన గ్రంథమున ఇరువదియైదు ఆటలు కలవు. ప్రతి ఆటలోను ఒకప్రక్క మేటి, మఱొకప్రక్క ఔత్సాహికుడు. ఔత్సాహికులలోను తారతమ్యములున్నవి: పావుల నడక మాత్రమే తెలిసినవాడు, ఉచ్చులు కంఠస్థము చేసినవాడు, అతిజాగ్రత్తపరుడు, దూకుడుగాడు. ఈ గ్రంథమందలి సొగసు ఎచటనున్నదనగా, ఔత్సాహికుని ఎత్తును రచయిత ఎగతాళి చేయడు. ఆ ఎత్తు చూచుటకు సహజముగా నుండును, మనమును అదియే ఆడియుందుము. ఎందుకాడితిమో మొదట చెప్పి, అది ఎందుకు చెల్లదో తరువాత చెప్పును. గ్రేకో కల్పించిన పేరులేని ప్రతిపక్షికి మూడు శతాబ్దముల పిమ్మట తనకొక ఆలోచన కలదని చెప్పుకొను హక్కు ఇచట లభించినది. చదరంగసాహిత్యమున మహాక్రీడల సంపుటములు కొల్లలు. ఔత్సాహికునికి ఒక్క పుస్తకము కొనిపెట్టుమనినచో నేను దీనినే కొందును.

మన తెలుగుదేశమునకు ఈ వ్రాతయలవాటు పోటీలతోపాటు వచ్చినది. 1951లో అఖిలభారత చదరంగ సమాఖ్య ఏర్పడినది. దేశపు మొట్టమొదటి జాతీయపోటీ 1955లో మన ఏలూరులో జరిగినది, మహారాష్ట్రపు రామచంద్ర సప్రే, మన ఆంధ్రుడు డి. వెంకయ్య సమానముగా ప్రథమస్థానమున నిలిచిరి. ఎత్తు వేయుట, గడియారపు మీట నొక్కుట, కాగితమున వ్రాయుట, ఈ మూడు పనులు అరుగుచదరంగమున లేవు. అరుగుమీద పెరిగిన ఆటగానికి తొలిపోటీలో ఎదుటివానికన్న ఈ మూడవ పనియే ఎక్కువ బాధించును. నాడు వాడుకలోనుండిన ఇంగ్లీషు పద్ధతిలో 'రాజుబంటు రాజు నాలుగవ గడికి' అని ప్రతి పక్షమును తన ప్రక్కనుండి లెక్కించుకొని వ్రాయవలెను గనుక, ఒకే గడికి ఇరువైపులవారికి రెండు పేర్లు; ఓడిన ఆటను ఇంటికి తెచ్చి పఱచుకొనగా నడుమ ఒక ఎత్తు తప్పువ్రాసికొని, అచటినుండి ఆట ముందునకు సాగక, కాగితము చింపివేసినవారు ఎందఱో. 1737లోనే అలెప్పో వాస్తవ్యుడగు స్టమ్మా ప్రతిగడికి ఒక అక్షరము, ఒక అంకె చొప్పున సులభమైన గుర్తులు కనిపెట్టియుండగా, అంతర్జాతీయ సమాఖ్య దానినే ఏకైకపద్ధతిగా నిర్ణయించుటకు 1981 వఱకు పట్టినది. నాటినుండి బాలురకు 'ఈ4' అనుట నడక తెలిసిన నాడే వచ్చుచున్నది.

ఇప్పుడు ఓటమికి హేతువును వెదకుటయను శ్రమయే తగ్గినది. 1997లో డీప్ బ్లూ అను యంత్రము నాటి జగజ్జేత కాస్పరోవ్‌ను ఓడించిన తరువాత ఆ శక్తి క్రమక్రమముగా మన జేబులోని ఫోనులోనికి దిగినది. ఆట ముగిసిన నిమిషములో, పదునెనిమిదవ ఎత్తు తప్పు, పందొమ్మిదవది ఘోరమైన తప్పు అని ఎఱ్ఱగుర్తులతో యంత్రము చెప్పివేయును. ఏది తప్పో చెప్పును గాని ఆ తప్పు మన బుద్ధికి ఒప్పుగా ఏల తోచెనో దానికి తెలియదు. యూవే గ్రంథమున మొదట వచ్చు వాక్యము ఇచట లోపించినది. మహేశచంద్రుని ఆటకు యంత్రము గుర్తు పెట్టినచో ఆ ప్రక్కగడి గుఱ్ఱపుటెత్తునకు ఎఱ్ఱరంగు పూయును, అంతటితో సరి. మొదట తాను వెదకి, తనకు తోచిన కారణమును కాగితము అంచున వ్రాసి, ఆ పిమ్మట యంత్రము నడుగు శిష్యులను తయారుచేయు శిక్షకులు నేడును కలరు. పిల్లలకు ఈ క్రమము విసుగని వారే చెప్పుదురు.

2024 డిసెంబరులో న్యూయార్కున జరిగిన ప్రపంచ మహిళల ర్యాపిడ్ పోటీలో మన కోనేరు హంపి మొదటి ఆటయే ఓడి, పదునొకండు ఆటలు ముగియునప్పటికి ఎనిమిదిన్నర పాయింట్లతో జగజ్జేత్రియైనది. ర్యాపిడ్ ఆటలో ఆటగాండ్రు ఎత్తులు వ్రాయనక్కఱలేదని నియమము. అట్టి పెద్ద పోటీలలో పావుల అడుగున అమర్చిన యంత్రసూత్రము వలన బల్లయే ప్రతి ఎత్తును గుర్తించి లోకమునకు పంపును, ఓడినవాని అనుమతితో దానికి పని లేదు. గ్రీన్‌వుడ్ వాకర్ పని బల్ల చేయుచున్నది. మన జిల్లాపోటీలలో మాత్రము అట్టి బల్లలు అరుదు. ఆదివారము ఉదయమునుండి సాయంకాలము వఱకు ఏదో పాఠశాల వరండాలో వరుసగా ర్యాపిడ్ ఆటలే జరుగును, వ్రాయుమని ఎవ్వరును అడుగరు. ఓడిన కుఱ్ఱవాడు తండ్రి ప్రక్కకు వచ్చి ఎట్లు ఓడితివిరా అని అడుగగా, గుఱ్ఱము పోయినదని చెప్పును, ఎట్లు పోయినదో చెప్పలేడు. ఆ తండ్రులలో ఒకరిద్దఱు వరుసల వెనుక నిలువబడి, రూళ్ల పుస్తకమున, తమ పిల్లవాని ఎత్తులు వ్రాసికొనుచు కనబడుదురు.